ముందుపాట తెగిన రోజు

మొన్న ఇద్దరు పిల్లలు మా ఇంటికి వచ్చారు. ఫిజియోథెరపీ చదివి కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు. "మేడం, గుండెజబ్బు వచ్చినవాళ్లతో వ్యాయామం చేయించడానికి మీ రోజుల్లో ఏ మెషిన్లు వాడేవారు?" అని అడిగారు. నాకు నవ్వూ వచ్చింది, కొంచెం కోపమూ వచ్చింది. మా దగ్గరున్న ఒకే ఒక్క ట్రెడ్‌మిల్లు మీద మనుషులు నడిచిన రోజులకంటే ఆయమ్మ తడిగుడ్డలు ఆరేసిన రోజులే ఎక్కువని చెప్పాను. వాళ్లు నమ్మలేదు. టీ తాగి, మర్యాదగా దండం పెట్టి వెళ్లిపోయారు.

వాళ్లు వెళ్లాక తట్టింది. వాళ్లకు చెప్పాల్సింది మెషిన్ల గురించి కాదు, ఒక అక్క గురించి. ఆ రోజు నోటికి రానిది ఇక్కడ రాస్తున్నాను. మీరు కూడా ఆ ఇద్దరి వయసువాళ్లే అయితే కొంచెం ఓపిక పట్టండి. రిటైరైనవాళ్లు సూటిగా విషయానికి రారు. మాకు తొందరేముంది గనక?

నేను మొదట మహబూబాబాద్‌లో, చివర భూపాలపల్లిలో పనిచేశాను. నడుమ కొన్నేళ్లు జనగామలో ఒక చిన్న ట్రస్టు ఆసుపత్రిలో ఉన్నాను. ఇది అక్కడి సంగతి. గుండెపోటు వచ్చి, హనుమకొండలోనో హైదరాబాద్‌లోనో స్టెంటు వేయించుకొని ఇల్లు చేరినవాళ్లను మళ్లీ మామూలు బతుకులోకి తీసుకురావడం మా పని. వారంలో కొన్ని పొద్దులు వస్తారు. మా కళ్లముందు నడుస్తారు, వంగుతారు, లేస్తారు, మందుల గురించీ తిండి గురించీ అడిగి ఇంటికి పోతారు. బయటివాళ్లకు చూడడానికి అందులో ఏమీ ఉండదు. గుండె మళ్లీ ఆగిపోతుందేమోనన్న భయం కొద్దికొద్దిగా వదిలించడమే అందులో సగం వైద్యం.

మా వ్యాయామశాల అంటే మందుల కౌంటరు నుంచి ఎక్స్‌రే గది తలుపు దాకా ఉన్న పొడుగాటి హాలు. ఓపీ జనం రాకముందే మా నడకలు ముగిసిపోవాలి. నాతోపాటు ఒక సిస్టరు ఉండేది. మహబూబాబాద్ దగ్గరి పల్లెలో, వ్యవసాయం చేసుకునే క్రైస్తవుల ఇంట్లో పుట్టిన మనిషి. నోరు పెద్దది, చూపు అంతకంటే పెద్దది. మొదటి రోజుల్లో మా నడకకు వచ్చినవాళ్లందరూ పరగడుపున వచ్చేవారు. దవాఖానకు పొద్దున్నే రమ్మన్నారంటే ఏమీ తినకుండా రమ్మన్నట్టే కదా, ఎన్ని రక్తపరీక్షలు ఇచ్చారు వాళ్లు! షుగరు కూడా ఉన్న ఒక రిటైర్డు బస్సు డ్రైవరు రెండు చక్కర్లు కొట్టేసరికి కళ్లు తిరిగి గోడ పట్టుకున్నాడు. "అన్నా, బస్సు డీజిల్ లేకుంట నడిపిచ్చినవా ఎన్నడన్న?" అని సిస్టరు ఆయనను కూర్చోబెట్టి బిస్కెట్లు తినిపించింది. ఆ తర్వాత ఎవరొచ్చినా ఆమె నమస్కారం ఒక్కటే: "ఏం తిన్నవ్?"

ఆ డ్రైవరన్న, బజారులో హోల్‌సేల్ కిరాణా నడిపే ఒక సేటు, ఇంకా ముగ్గురు నలుగురు. అందరూ మగవాళ్లే. ఆడవాళ్లకు గుండెపోటు రాదా అంటే వస్తుంది, మా దాకా రారు అంతే. వాళ్లను తీసుకొచ్చి, కూర్చొని, మళ్లీ తీసుకుపోయే తీరిక ఇంట్లో ఎవరికీ ఉండదు. అందుకే లింగాల ఘనపూర్ వైపు పల్లె నుంచి ఒక కోడలు తన అత్తను ఆటోలో కూర్చోబెట్టుకొని వచ్చిన రోజు సిస్టరూ నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

ఆ అత్తనే నేను అక్క అంటున్నాను. నాకంటే కొద్దిగా పెద్దది. నల్లగా, పొడుగ్గా, మోచేతులు బయటికి పెట్టి నడిచే మనిషి. స్టెంటు వేసి పంపిన దగ్గర్నుంచి కొడుకు ఆమెను మంచం దిగనివ్వడం లేదట. బిందె ముట్టుకోనివ్వరు, చీపురు పట్టుకోనివ్వరు. "నన్ను పటం కట్టి గోడకు తలిగేసిన్రు మేడం, దండొక్కటే తక్వ" అంది. కోడలు నవ్వలేదు. ఆ పిల్ల తలుపు పక్కన నిలబడి, నడక అయిపోయేదాకా అత్త మీంచి కళ్లు తిప్పలేదు. తర్వాత నన్ను పక్కకు పిలిచి అడిగింది.

"మేడం, ఈమె నాట్లకు పోతనంటది. పోతే ఏమన్న అయితదా?"

"ఇప్పుడే ఏం చెప్పలేం. ఎందుకంత తొందర?"

"ఆమె పోకుంటే గుంపు ఉండదు. ఆమెకేమన్నయితే ఊరంత నన్నంటది. కోడలు సూసుకోలే అంటరు. నేను దేనికి భయపడాల్నో నువ్వే చెప్పు."

అప్పుడు తెలిసింది. ఈ అక్క నాటు వేసే ఆడవాళ్ల గుంపులో ముందుపాట పాడే మనిషి. వరిమడిలో వరసగా వంగినప్పుడు ఒకామె ఒక చరణం ఎత్తుకుంటుంది, మిగతావాళ్లు దాన్ని అందుకుంటారు. ఆ పాట మీదే చేతులు సాగుతాయి. ఆమె గుంపును చుట్టుపక్కల ఆసాములు ముందే వచ్చి మాట తీసుకొని పోయేవారట. ఇంకొన్ని నెలల్లో వానలు మొదలవుతాయి, నార్లు పోస్తారు. ఆమె రాదని తేలితే ఆడవాళ్లు తలో గుంపులో కలిసిపోతారు. ఒకసారి చెదిరిన గుంపు మళ్లీ కూడదని ఆమె భయం. ఇంట్లో కూర్చుంటే బతుకుతానేమో గానీ నేనుగా బతకను అని ఆమె అనలేదు. అంత మాట ఆమెకు అవసరం లేదు. "నాట్లకు పోవాలె" అంది, అంతే.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. నడిచేటప్పుడు గుండె మీద భారం ఎంత పడుతోందో తెలుసుకోవడానికి మేము వాడే అన్నిటికంటే సులువైన పద్ధతి ఏమిటంటే, మనిషిని మాట్లాడించడం. నడుస్తూ మాట్లాడగలగాలి, కానీ పాట పాడేంత తీరిక ఉండకూడదు. హాయిగా పాడగలుగుతున్నారంటే నడక చాలడం లేదని, మాట కూడా రావడం లేదంటే ఎక్కువైపోయిందని లెక్క. డ్రైవరన్నతో, సేటుతో ఈ లెక్క ఎన్నడూ తప్పలేదు. సేటు ఐదడుగులకే ధరల గురించి మాట్లాడడం మానేసేవాడు, మాకు అర్థమయ్యేది.

అక్కను కూడా అలాగే పాడమన్నాను. ఆమె పాడింది. కొంచెం వేగంగా నడవమన్నాను. అదే గొంతుతో, అదే సాగుతో పాడింది. అప్పటికప్పుడు నామీదే కట్టి పాడింది.

"సల్లగాలి లేనిసోట నడువమంటివే మేడమ్మా,
సున్నపుగోడల నడుమ నాటెయ్యమంటివే మేడమ్మా"

మందుల కౌంటరు దగ్గర ఫార్మసిస్టు తల బయటికి పెట్టి చూశాడు. ఎక్స్‌రే గదిలోంచి టెక్నీషియను వచ్చి తలుపుకు ఆనుకొని నిలబడ్డాడు. నాకు ఆ పాట నచ్చింది, అబద్ధమెందుకు చెప్పాలి! ఈమె గుండె గట్టిదే అనుకొని రోజురోజుకూ వేగం పెంచుతూ పోయాం. నాడి చూసేవాళ్లం, బీపీ చూసేవాళ్లం, అవి ఆగాక చూసే అంకెలు. నడుస్తున్నప్పుడు మాకు సాక్ష్యం పాటే.

ఒక పొద్దున సిస్టరు నా చేయి గిల్లింది. "మేడం, పాట వినకండి. చేతులు చూడండి" అంది మెల్లగా. చూశాను. అక్క కొంగును పిడికిట్లో బిగించి పట్టుకుంది. వేళ్ల కణుపులు తెల్లబడ్డాయి. పైపెదవి మీద చెమట. గొంతులో మాత్రం ఒక్క జీర కూడా లేదు. "అక్కా, ఆగు!" అన్నాను. ఆమె ఆగలేదు. చరణం పూర్తిగా పాడి, చివరి మాట సాగదీసి, అది గాలిలో ముగిశాక అప్పుడు గోడవారగా కిందికి జారి కూర్చుంది.

మళ్లీ గుండెపోటు కాదు. ఎక్కువ శ్రమ పడితే వచ్చే ఛాతీ నొప్పి. ఈసీజీ తీశాం, పడుకోబెట్టాం, కాసేపటికి తేరుకుంది. కోడలు మొహంలో మాత్రం నెత్తురు చుక్క లేదు.

"నొప్పి ఎప్పుడు మొదలైంది?" అని అడిగాను.

"రెండో సుట్టుల్నే."

"మరి పాట ఎందుకు ఆపలేదు?"

ఆమె నన్ను వింతగా చూసింది. "పాట ఆపుతరా మేడం? ముందుపాట తెగితే ఎనకటోళ్ల చేతులు ఆగుతయి. చేతులు ఆగితే నాటు ఆగుతది. మా అత్త నాకు పాటిచ్చిననాడు ఒక్కటే జెప్పింది. కడుపుల నొచ్చినా, కాలుకు జెలగ పట్టినా, సరణం ఒడవాలె గని తెగొద్దు అన్నది. నేను నెలలు నిండినంక గూడ తెగకుంట పాడిన."

మా లెక్క ఎక్కడ తప్పిందో అప్పుడు తెలిసింది. ఎవరికైనా ఆయాసం ముందుగా గొంతులో కనిపిస్తుంది. ఈమె జీవితమంతా ఆయాసాన్ని గొంతులోకి రానివ్వకుండా దాచడమే నేర్చుకుంది. అది ఆమె పనితనం. మేము దాన్ని ఆరోగ్యం అనుకున్నాం.

హనుమకొండ నుంచి వారానికోసారి వచ్చే గుండె డాక్టరు గారు ఆమెను చూసి మందులు మార్చారు. కొడుకు ఆ రోజు తనే వచ్చాడు. "ఇగ ఒద్దు సార్. ఇంట్ల కూసుండవెడ్త" అన్నాడు. డాక్టరు గారు పెన్ను మూత పెట్టారు. "కూర్చోబెట్టడం తేలికయ్యా. కూర్చుంటే గుండె బాగుపడుతుందని నేను చెప్పలేను. పొలానికి పంపాలా వద్దా అన్నది ఇప్పుడు తేల్చను. నొప్పి రాగానే ఆగడం ఈమెకు వస్తే అప్పుడు చూద్దాం" అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "అది మీ పని" అన్నారు.

నా ఉద్యోగ జీవితమంతా జనానికి నడవడం నేర్పాను. ఈ ఒక్క మనిషికి ఆగడం నేర్పాల్సి వచ్చింది. అది ఎంత కష్టమో మీకు ఏ పుస్తకంలోనూ దొరకదు.

సిస్టరు ఒక ఉపాయం చెప్పింది. మడిలో ఈమె ఒక్కతే పాడదు కదా, ఈమె చరణం అన్నాక మిగతావాళ్లు అంటారు, అంతసేపు ఈమెకు ఊపిరి దొరుకుతుంది. ఇక్కడ ఒక్కతే ఆపకుండా పాడుతోంది. కాబట్టి అందుకునేవాళ్లు కావాలి. ఎవరున్నారు? సేటు ఉన్నాడు, డ్రైవరన్న ఉన్నాడు. సేటు మొదట ఇబ్బంది పడ్డాడు. "నేను నాటు పాటలు పాడిన్నని బజార్ల తెలిస్తే దుకాణం మూసుకోవాల్నమ్మా" అన్నాడు. డ్రైవరన్న మాత్రం ఎప్పుడెప్పుడా అని ఉన్నాడు. ఆయన గొంతు ఎయిర్ హారన్‌కు ఎక్కువ, పాటకు తక్కువ. అయినా మొదలైంది. అక్క ముందు, వెనక గుండెజబ్బు మగవాళ్ల వరస, "నడువమంటివే మేడమ్మా" అని అందుకుంటూ. నాటు వేసేది వెనక్కి నడుస్తూ కదా అని సిస్టరు వాళ్లందరినీ వంచి వెనక్కి నడిపించింది. సేటు వెళ్లి మంచినీళ్ల డ్రమ్ముకు తగిలాడు. ఓపీకి ముందే వచ్చినవాళ్లు బెంచీల మీద కూర్చొని నవ్వేవారు. ఆ నవ్వు ఇప్పటికీ చెవుల్లో ఉంది. అంత బాగా నవ్విన ఆసుపత్రిని నేను మళ్లీ చూడలేదు.

అందుకునేవాళ్లు దొరికారు గానీ ఆగడం రాలేదు. మధ్యలో నేను చప్పట్లు కొడతాను, ఆమె ఎక్కడుంటే అక్కడ ఆగాలి. అది పాఠం. కొట్టేదాన్ని. చరణం పూర్తయ్యాకే ఆగేది. బతిమాలాను, కోప్పడ్డాను.

"నోట్ల సగం మాట వెట్టుకొని ఎట్ల నిలబడాలె చెల్లె?" అంది. మేడం పోయి చెల్లె అయింది అప్పటికి. "ఉమ్మకుంట మింగకుంట ఎట్లుంటరు?"

"చావకుండా ఉంటారు అక్కా" అన్నాను. నాకు కోపం వస్తే నోరు ఆగదు. తలుపు దగ్గర కోడలు తల వంచుకుంది. ఆ మాట వెనక్కి తీసుకోవాలనిపించింది గానీ, ఆ మర్నాడు చప్పట్లు కొట్టగానే ఆమె మాట సగంలో టక్కున ఆగింది. పెదాలు బిగించి, కళ్లు మూసుకొని నిలబడింది. వెనక మగవాళ్లు ఏం చేయాలో తెలియక వాళ్లూ ఆగారు. ఆమె కళ్లలోంచి నీళ్లు కారాయి. నొప్పి వల్ల కాదు.

వానలు పడ్డాయి, నాట్లు మొదలయ్యాయి. డాక్టరు గారు షరతులు పెట్టి ఒప్పుకున్నారు. చల్లటి పూట, కొద్దిసేపే, నాలుక కింద పెట్టుకునే గోలీలు కొంగున కట్టుకొని. మొదటి రోజు మేము పక్కన ఉండాలని ఎవరూ అనలేదు. సెలవు పెట్టుకొని మేమే వెళ్లాం, సిస్టరూ నేనూ, సంచిలో బీపీ మెషిన్ పెట్టుకొని. బస్సు దిగి ఆటో ఎక్కి, ఆటో దిగి బురదలో నడిచి చేరేసరికి ఆడవాళ్లు అప్పటికే చీరలు ఎగదోపి మడి దగ్గర నిలబడ్డారు. అక్క మమ్మల్ని చూసి, "అగో, నా నౌకర్లు వచ్చిన్రు" అంది. ఆడవాళ్లంతా గొల్లున నవ్వారు.

ఆమె మడిలో కాలు పెట్టిన తీరు నాకు గుర్తుంది. బురదలోకి కాలు దిగుతుంటే ఒక్క క్షణం ఆగి, వేళ్లు కదిలించి చూసుకుంది. తర్వాత వంగింది. నారు కట్ట విప్పింది. పాట ఎత్తుకుంది.

నేను ఆమె పాటను నెలల తరబడి విన్నాను. విననే లేదని ఆ పొద్దున తెలిసింది. హాల్లో గోడలకు కొట్టుకొని వెనక్కి వచ్చే గొంతు ఇక్కడ నీళ్ల మీద పరుచుకొని ఎక్కడిదాకా పోతోందో తెలియలేదు. ఇరవై మంది ఆడవాళ్లు ఒక్కసారిగా అందుకున్నారు. చేతులు కదులుతున్నాయి, వరస వెనక్కి జరుగుతోంది, ముందు పచ్చటి చారలు పడుతున్నాయి. సిస్టరు మాత్రం పాట వినడం లేదు. అక్క చేతులే చూస్తోంది.

మడి సగమైంది. అక్క కొత్త చరణం ఎత్తుకుంది. రెండు మాటలు అంది. మూడో మాట సగంలో ఆగింది.

మేము చప్పట్లు కొట్టలేదు. ఎవరూ పిలవలేదు. తనే ఆగింది.

వరసంతా నడుము ఎత్తింది. కొందరు అందుకోవడానికి తెరిచిన నోళ్లు అలాగే ఉన్నాయి. అవతలి మడుల్లోంచి కప్పల అరుపులు వినిపించాయి. గట్టు మీది నుంచి ఆసామి, "ఏమైందే, పాట తెగింది?" అని కేకేశాడు. అంతవరకూ నన్ను పక్కకు పిలిచి తప్ప నోరు తెరవని ఆ కోడలు వరసలోంచి, నారు కట్ట కింద పడేసి గట్టిగా అంది.

"మా అత్త ఆగింది పటేలా. జరసేపు ఎవలు ఒర్రకుండ్రి."

అక్క తనంతట తానే గట్టుకు వచ్చింది. కొంగు ముడి విప్పి గోలీ నాలుక కింద పెట్టుకుంది. సిస్టరు బీపీ చూసింది, నేను నాడి పట్టుకున్నాను. నొప్పి తగ్గుతూ వచ్చింది. ఇంకాస్త ఆలస్యమైతే ఏమయ్యేదో నాకు తెలుసు, సిస్టరుకూ తెలుసు. నాకు గంతులేయాలన్నంత సంతోషంగా ఉంది. నెలల కష్టం ఫలించింది. "శభాష్ అక్కా" అన్నాను.

ఆమె మడి వైపు చూస్తోంది. వరస మధ్యలో తను నిలబడ్డ చోటు ఖాళీగా ఉంది. అక్కడ నీళ్లు ఇంకా మురికిగా తిరుగుతున్నాయి.

"ఆగిన చెల్లె" అంది. "నువ్వు చెప్పినట్టే ఆగిన. ఇగ ఈ ఆగుడు ఎట్ల ఓర్సుకోవాల్నో గది గూడ నువ్వే చెప్పు."

నాకు నేర్పినవాళ్లు అది నేర్పలేదు. నేను ఎవరికీ నేర్పలేదు.

అప్పుడు మడిలోంచి పాట మొదలైంది. కోడలు ఎత్తుకుంది. అత్త వదిలేసిన చోటు నుంచే, ఆ సగం మాట నుంచే. బొంగురు గొంతు, భయం గొంతు. శ్రుతి ఎక్కడో, ఆమె ఎక్కడో. వరస కొంచెం తడబడి వంగింది. అందుకుంది. అక్క మొహం చిట్లించింది. "గంత పైకి తియ్యకే, దమ్ము సాలది!" అని గట్టు మీంచే అరిచింది. తర్వాతి చరణానికి ఆ పిల్ల గొంతు కొంచెం దించింది. వరస అందుకునేటప్పుడు నా పక్కన ఇంకో గొంతు కలిసింది. జీవితమంతా ముందు పాడిన మనిషి మొదటిసారి అందరితోపాటు అందుకుంది. మెల్లగా, పెదాలు కదిలీ కదలకుండా. సిస్టరు అటు తిరిగి కొంగుతో మొహం తుడుచుకుంది. నేను బీపీ మెషిన్ మడత పెట్టడంలో మునిగిపోయినట్టు నటించాను.

ఆ పూట ఆమెను మళ్లీ మడిలోకి దిగనివ్వలేదు. ఆ తర్వాతి వారం డాక్టరు గారు చూశాక వరస చివర, కొద్దికొద్దిసేపు దిగింది. గుంపు చెదరలేదు. ముందుపాట మాత్రం కోడలిదే అయింది. అక్క అందుకునే వాళ్లలో ఒకతె అయింది. మా కాగితాల ప్రకారం ఇంతకంటే మంచి ఫలితం లేదు.

తర్వాత నేను భూపాలపల్లి వెళ్లిపోయాను. అక్కడ గనిలో పనిచేసినవాళ్లు వచ్చేవారు, మొగుళ్లపల్లి నుంచి రైతులు వచ్చేవారు, మహదేవపూర్ అవతలి పల్లెల నుంచి బస్సు దొరక్క ఆలస్యంగా వచ్చేవారు. పెద్ద గది ఇచ్చారు, మంచి మెషిన్లు ఇచ్చారు. ట్రెడ్‌మిల్లు మీద ఎవరికి వారు నడిచేవారు. గోడ మీది టీవీ చూసేవారు. అంతా సవ్యంగానే సాగేది. నేను మాత్రం ప్రతి పొద్దునా ఎవరైనా పాడతారేమోనని చూసేదాన్ని. ఎవరూ పాడలేదు. పాడమని అడగడానికి నాకు నోరు రాలేదు. నాకు జనగామ హాలు కావాలనిపించేది. సేటు డ్రమ్ముకు తగలాలి, డ్రైవరన్న హారన్ గొంతుతో అందుకోవాలి, సిస్టరు "ఏం తిన్నవ్?" అనాలి. అది ఇంత గట్టిగా గుర్తుకొస్తుందని అక్కడున్నప్పుడు తెలిసి ఉంటే ఇంకొంచెం నెమ్మదిగా బతికేదాన్ని.

రిటైరైన ఏడాది వానాకాలంలో అక్కను చూడడానికి వెళ్లాను. ఆరోగ్యంగా ఉంది. ఇంటి ముందు గద్దె మీద కూర్చొని ఉంది. గుంపు లేదిప్పుడు. సగం మడులు మెషిన్ నాటుతుంది, మిగతావి దూర రాష్ట్రాల నుంచి వచ్చిన కూలీలు గుత్తకు నాటుతారు. కోడలు అంగన్‌వాడీలో వంట పనికి పోతోంది. నాకు టీ తెచ్చి ఇచ్చి వెళ్లింది.

"నీ నౌకరి ఒడిసిందా?" అని అడిగింది అక్క.

"ఒడిసింది. పొద్దున లేస్తే ఎటు పోవాలో తెలియడం లేదు అక్కా" అన్నాను. ఎవరితోనూ అనని మాట అది. ఆమె ముందు ఎందుకో వచ్చేసింది. తర్వాత అడగాల్సింది కూడా అడిగేశాను. "ఆ రోజు గట్టు మీద నన్నొక మాట అడిగావు. నేను చెప్పలేకపోయాను. నీకు తెలిసిందా మరి, ఎట్లా ఓర్చుకోవాలో?"

ఆమె రోడ్డు అవతలి మడి వైపు చూసింది. అక్కడ మెషిన్ ఒక్కటే గడగడమంటూ పోతోంది.

"ఓర్సుకోలే చెల్లె. ఇయ్యాల్టికి గూడ వానొస్తె కాళ్లు గుంజుతయి" అంది. "మొదట్ల ఈ గుంజుడు పోతె మంచిగుండు అనుకున్న. ఇప్పుడు పోవద్దనుకుంటున్న. ఇది గూడ పోతె, నేను పాడిననేటిది ఎవలకు యాదుంటది? నాకే ఉండది."

సాయంత్రం బస్సుకు ఇంటికి వచ్చేశాను. మర్నాడు ఎప్పటిలాగే తెల్లవారకముందే మెలకువ వచ్చింది. హాలు తలుపులు తీసే వేళ అయింది. కిటికీ దగ్గర కూర్చొని మా వాళ్లను ఒక్కొక్కరినీ తలుచుకున్నాను. ముందు అక్క, వెనక సేటు, డ్రైవరన్న, పక్కన సిస్టరు. అక్క చెప్పిన గుంజుడు లాంటిదే నాలోనూ మొదలైంది. దాన్ని ఉండనిచ్చాను.